ఆ సూట్‌కేస్ లాక్కుంటూ మధ్యాహ్నం మూడింటికి ఒకసారి నడిచి చూడమనండి

ప్రశ్న: మా ఆయనకి యూకేలో రెడింగ్ దగ్గర జాబ్ వచ్చింది. ఆయన ముందు వెళ్ళి ఇల్లు చూస్తారు, తర్వాత నేనూ పిల్లలూ వెళ్తాం. బాబుకి ఐదేళ్ళు, పాపకి రెండు నిండలేదు. మంచి స్కూల్ పక్కన తీసుకోవాలా, మనవాళ్ళు ఎక్కువ ఉన్న ఏరియాలో తీసుకోవాలా?

అడిగింది మీరే అయినా ఇది నా ప్రశ్నే అండీ. 2018 నవంబర్‌లో మేం దిగింది అదే ఊళ్ళో, బాబుకి ఐదు, పాపకి ఏడాదిన్నర, మా ఆయనే ముందెళ్ళి ఇల్లు చూశాడు, సరిగ్గా మీరడిగిన ఈ రెండు లెక్కలే వేసుకుని చూశాడు. రెండూ తప్పే. ఊరి పేరే మోసం అసలు, రాసేది రీడింగ్ అని, పలికేది రెడింగ్ అని, మా మావయ్యగారు ఇప్పటికీ ఫోన్లో రీడింగ్ రూమ్‌లో అంతా బాగున్నారా అనే అడుగుతారు.

నా మాట ముందే చెప్పేస్తా. ఇల్లు ఎంచుకోవాల్సింది ఆఫీసుకెళ్ళే మనిషి కాదు, బగ్గీ తోసే మనిషి. బగ్గీ అంటే మనం స్ట్రోలర్ అంటామే, అదే. పొద్దున స్కూల్‌కి వెళ్ళాలి, రావాలి, మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాలి, రావాలి, అంటే రోజుకి నాలుగు ట్రిప్పులు, అక్కడ స్కూల్ ఏడాదికి 190 రోజులు, వాన పడని రోజులెన్నో మీరే చూస్తారుగా. మనకి కూకట్‌పల్లిలో వ్యాన్ వచ్చి గేటు దగ్గర హారన్ కొడితే పిల్లాణ్ణి కిందకి పంపడం అలవాటు. నేను ఎక్కడన్నా ఇరుక్కుపోతే వాచ్‌మెనే దింపుకుని తన కుర్చీలో కూర్చోబెట్టుకునేవాడు. అక్కడ చిన్న క్లాసు పిల్లల్ని టీచర్ తలుపు దగ్గర నిలబడి, ఎవరి పేరు రాయించామో ఆ మనిషి మొహం చూసుకుని ఒక్కొక్కర్నీ అప్పగిస్తుంది. పద్ధతి బంగారం లాంటిదే, కాదనను, కానీ ఆ మొహం మూడుంపావుకి అక్కడ ఉండి తీరాలి.

మా ఆయన ఏం చేశాడంటే, వాట్సాప్ గ్రూపులో అడిగాడు. అందరూ ఒకటే మాట, అవుట్‌స్టాండింగ్ స్కూల్ పక్కన తీసుకో బ్రదర్ అని. అవుట్‌స్టాండింగ్ అంటే అప్పట్లో తనిఖీల్లో స్కూళ్ళకి ఇచ్చే అన్నిటికంటే పై రేటింగ్. శనివారం పదకొండింటికి, ఎండ కాస్తుండగా, ఏజెంట్ కారులో వెళ్ళి ఇల్లు చూశాడు. స్కూల్ రోడ్డు చివరే, నాలుగు నిమిషాలు అన్నాడు ఏజెంట్. అబద్ధం కాదు, నాలుగు నిమిషాలే. ఆరు నెలల అద్దె ఒకేసారి కట్టమంటే కట్టేశాడు, అక్కడ మనకి క్రెడిట్ హిస్టరీ ఉండదుగా, అదో ఖర్మ. కీస్ చేతికొచ్చాక స్కూల్‌కి అప్లై చేస్తే అప్పుడు తెలిసింది, క్లాసు ఫుల్. ఇంగ్లండ్‌లో రిసెప్షన్ (అంటే స్కూల్లో అన్నిటికంటే మొదటి క్లాసు), ఇయర్ వన్, ఇయర్ టూ క్లాసుల్లో ఒక టీచర్‌కి 30 మంది కంటే ఎక్కువ ఉండకూడదని చట్టమే ఉంది, ముప్ఫై ఒకటో పిల్లాడు ఆ స్కూల్ గోడకి ఆనుకునే ఉన్నా సరే. డొనేషన్ ఇస్తామంటే, ఫలానా వాళ్ళ చేత చెప్పిస్తే అవుతుందేమో అని మా నాన్న అడిగారు పాపం.

వెయిటింగ్ లిస్టులో మూడో నంబర్ ఇచ్చారు. నెల తర్వాత ఫోన్ చేస్తే నాలుగో నంబర్ అన్నారు. ముందుకెళ్ళాలి గానీ వెనక్కెలా వెళ్తామండీ అంటే, మాకంటే దగ్గర్లోకి ఒక కుటుంబం వచ్చిందట, లిస్టు ఎవరు ముందు అడిగారని కాదు, అన్నో అక్కో అందులో చదువుతున్నారా, ఇల్లెంత దగ్గర అనేదాన్ని బట్టి నడుస్తుందట. తత్కాల్ టికెట్ నయం. మావాడికి ఖాళీ ఉన్న స్కూల్ అని చూపించింది 1.8 మైళ్ళ దూరంలో ఉంది. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకి సీటున్న దగ్గరి స్కూల్ 2 మైళ్ళకి మించి ఉంటే ఫ్రీగా బస్సో టాక్సీయో ఇవ్వాలని రూల్. మాది 1.8. ఇంకో రెండు ఫర్లాంగులు దూరం జరిగినా బతికిపోయేవాళ్ళం. 1.8 అంటే మూడు కిలోమీటర్లకి కాస్త తక్కువ, నాలుగు ట్రిప్పులు కలిపితే రోజుకి పదకొండు కిలోమీటర్లు దాటుతుంది, మధ్యలో కొండ. ఏరియా పేరు చెప్పను, అక్కడుంటున్న మన ఫ్రెండ్స్ గొడవకొస్తారు.

కారు ఉందిగా అంటారు. కారు మా ఆయనతో పాటు ఏడున్నరకే ఆఫీసుకి పోయేది. మన లైసెన్స్ మీద మొదటి 12 నెలలు నడపొచ్చు, ఆలోపు వాళ్ళ టెస్టు పాసవ్వాలి, నేను రౌండబౌట్ల దగ్గరే రెండుసార్లు ఫెయిలయ్యాను. హైదరాబాద్‌లో పదేళ్ళు నడిపినదాన్ని. ఆ బాధ వేరే రోజు.

ఒక్క రోజు గురించి చెప్తా, మిగతావి మీరే ఊహించుకోండి. డిసెంబర్, గురువారం. వాన అంటే మన వాన కాదు, పడుతుందో లేదో తెలీకుండా లోపలిదాకా తడిపేసే రకం. మూడుంపావు పికప్‌కి రెండూ ఇరవైకే బయల్దేరా. పాప బగ్గీలో నిద్రపోయింది, మీద ప్లాస్టిక్ కవరు, కింద బుట్టలో పాలు, బియ్యం, ఉల్లిపాయలు, వచ్చేటప్పుడు వీలవ్వదని ముందే కొనేశా. బస్సొచ్చింది. లోపల అప్పటికే రెండు బగ్గీలున్నాయి. డ్రైవర్ చాలా మర్యాదగా, మడత పెడితే ఎక్కొచ్చండీ అన్నాడు. నిద్రపోతున్న పిల్లని ఒక చంకనెత్తుకుని, అయిదు కిలోల బియ్యం ఇంకో చేత పట్టుకుని, బగ్గీని కాలితో మడవాలి. నేను అలా చూస్తూ నిలబడ్డా, ఆయన సారీ అన్నాడు, తలుపు మూసుకుంది. తర్వాతి బస్సు ఇరవై నిమిషాలకి. నడిచా.

కొండ ఎక్కేటప్పుడు బగ్గీ తోయడమంటే చేతుల పని కాదు, మనిషంతా వంగి నెత్తితో తోసినట్టుంటుంది. పేవ్‌మెంట్ మీద డస్ట్‌బిన్లు, ఆ రోజు చెత్త బండి రోజు, ప్రతి ఇంటి ముందూ ఒక పెద్ద బిన్ను అడ్డం, బగ్గీని రోడ్డు మీదకి దింపాలి మళ్ళీ ఎక్కించాలి. ఆ కుదుపులకి పాప లేచింది, ఏడుపు, కాళ్ళతో ప్లాస్టిక్ కవర్‌ని తన్నుడు. పైకెక్కాక చూస్తే ఒక కాలికి బూటు లేదు. ఎర్ర బూటు, మా అత్తయ్య కొని పంపింది. వెనక్కెళ్ళి వెతకనా, ముందుకెళ్ళనా? ముందుకే వెళ్ళా, నా మఫ్లర్ తీసి పాప కాలికి చుట్టి.

మూడూ నలభైకి చేరా. క్లాసు తలుపు మూసేశారు. ఆఫీసు రూములో పెద్దవాళ్ళ కుర్చీలో వీడొక్కడూ, కాళ్ళు నేలకి అందట్లేదు, కోటు జిప్పు గడ్డం దాకా వేసుకుని, బుక్ బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని, చేతిలో సగం తిన్న బిస్కెట్. ఆఫీసులో ఆవిడ ఏమీ అనలేదు, సంతకం పెట్టమని పుస్తకం ఇచ్చింది, అంతే. తిట్టినా బాగుండేది. వీడు నన్ను చూసి ఏడవలేదు, మామూలుగా అడిగాడు, అమ్మా, వాచ్‌మెన్ అంకుల్ ఇక్కడికి రాడా అని.

అప్పుడు నేనేడ్చా లెండి, బయటికొచ్చాక.

తిరిగొచ్చేసరికి చీకటి, అక్కడ డిసెంబర్‌లో నాలుగింటికల్లా దీపాలు పెట్టేయాలి. కొండ దిగుతుంటే ఒక ఇంటి ముందు పిట్టగోడ మీద ఎర్ర బూటు, తిన్నగా నిలబెట్టి ఉంది, లోపల నీళ్ళు పోకుండా ఎవరో ఒక ఆకు కూడా కప్పారు. అక్కడివాళ్ళు దారిలో ఏదైనా దొరికితే అలా గోడ మీదో కంచె మీదో పెట్టి వెళ్తారు, పోగొట్టుకున్నవాళ్ళు మళ్ళీ ఆ దారినే వస్తారని. ఆ దేశంలో నాకు నచ్చిన మొదటి విషయం అదే.

ఇంటికొచ్చాక మా ఆయనకి చెప్తే, అయ్యో, కానీ వెయిటింగ్ లిస్టులో వచ్చేస్తే ఆ స్కూల్ అవుట్‌స్టాండింగ్ కదా అన్నాడు. ఈ రేటింగ్ పిచ్చి మనవాళ్ళకి ఐఐటీ ర్యాంకుల దగ్గర్నుంచి వచ్చిందని నా నమ్మకం. ఆ రాత్రి కూర్చుని ఆఫ్‌స్టెడ్ రిపోర్టు, అంటే స్కూళ్ళని తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ వాళ్ళది, తీసి తేదీ చూశా, దాదాపు పదేళ్ళ కిందటిది. అప్పట్లో ఒకసారి అవుట్‌స్టాండింగ్ వస్తే మామూలు తనిఖీలకి మళ్ళీ వచ్చేవాళ్ళే కాదు, 2020లో గానీ ఆ మినహాయింపు తీసేయలేదు. అంటే మేం ఆరు నెలల అద్దె కట్టింది, ఎప్పుడో వెళ్ళిపోయిన హెడ్ టీచర్ తెచ్చిన మార్కులకి. 2024 సెప్టెంబర్ నుంచి గవర్నమెంట్ స్కూళ్ళకి ఆ ఒక్క మాట రేటింగే ఎత్తేశారు, అయినా గ్రూపుల్లో ఇంకా అవుట్‌స్టాండింగ్ ఏది బ్రో అనే అడుగుతుంటారు.

చెప్పొద్దూ, మావాడికి సీటొచ్చిన ఆ దూరపు స్కూల్ చాలా మంచిది. హైదరాబాద్‌లో యూకేజీలో ఉన్నవాణ్ణి వయసు లెక్కన నేరుగా ఇయర్ వన్‌లో కూర్చోబెట్టారు, భాష రాక నెల రోజులు మాట్లాడలేదు, ఆ టీచర్ వాడి డెస్కు మీద బొమ్మల కార్డులు అంటించింది, దాహం, టాయిలెట్, కడుపునొప్పి అని. ఆ వయసు పిల్లలకి 2014 నుంచి మధ్యాహ్నం భోజనం ఫ్రీ, మనం వెజిటేరియన్ అంటే ఓవెన్‌లో కాల్చిన పెద్ద బంగాళదుంప మీద చిక్కుడు గింజలు పోసిస్తారు. నేను మమకారం కొద్దీ ఇడ్లీల్లో పల్లీ పొడి పెట్టి పంపితే డబ్బా మూత కూడా తీయకుండా వెనక్కొచ్చింది, పల్లీలు నిషేధం, ఎవరికో ఎలర్జీ. వాళ్ళది న్యాయమే. కానీ ఆ స్కూల్ ఎంత మంచిదైనా నా మోకాళ్ళకి మంచిది కాదుగా.

ఇక మనవాళ్ళున్న ఏరియా సంగతి. మనవాళ్ళు శని, ఆదివారాల మనుషులండీ. బర్త్‌డేకి వస్తారు, వినాయక చవితికి పత్రి పంచుకుంటారు, గోంగూర దొరికితే కట్ట మనకీ తెస్తారు, ప్రాణం పెడతారు. గురువారం మూడుంపావుకి మాత్రం ఎవరి పిల్లల కోసం వాళ్ళు ఎవరి స్కూల్ గేటు దగ్గర వాళ్ళుంటారు. మీకు సాయపడేది మీ పిల్లాడి క్లాసులో పిల్లల అమ్మలు, వాళ్ళు తెలుగో, పోలిషో, పంజాబీనో. నాకు ఆ డిసెంబర్ తర్వాత ఒక పోలిష్ అమ్మాయి తోడైంది, నేను లేటయితే మావాణ్ణి కూడా తీసుకోమని స్కూల్‌లో ఆవిడ పేరు రాయించా. ఇద్దరికీ ఇంగ్లిష్ అంతంత మాత్రమే, బ్రహ్మాండంగా కుదిరింది.

కాబట్టి మీ ఆయన్ని ముందు కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) అడ్మిషన్స్ వాళ్ళకి ఫోన్ చేసి ఇయర్ వన్‌లో సీట్లు ఎక్కడున్నాయో కనుక్కోమనండి, ఆ స్కూళ్ళ చుట్టూ ఇళ్ళు చూడమనండి. ఇల్లు చూసి స్కూల్ కాదు, సీటు చూసి ఇల్లు. రెడింగ్ ఒక కౌన్సిల్, ఎర్లీ, వుడ్లీ వైపు వోకింగమ్ కౌన్సిల్ కిందకొస్తాయి, రెండు చోట్లా అడగాలి. బాబుకి సీటొస్తే పాపకి చాలాచోట్ల అదే స్కూల్‌లో ముందు పిలుపుంటుంది, నాలుగేళ్ళు నిండాక వచ్చే సెప్టెంబర్‌లో చేరుతుంది, దానికి ఆ ఏడాది జనవరి 15 లోపు అప్లై చేయాలి, ఆ తేదీ ఇప్పుడే గోడ మీద రాసుకోండి. మూడేళ్ళు నిండిన తర్వాతి టర్మ్ నుంచి నర్సరీ వారానికి 15 గంటలు ఫ్రీ. నన్నడిగితే వుడ్లీ, ఒకప్పుడు అక్కడ విమానాలు దిగే ఎయిర్‌ఫీల్డ్ ఉండేది, అంటే నేలంతా చదును, బగ్గీకి అంతకంటే రికమండేషన్ ఏం కావాలి? స్టేషన్ లేదని మీ ఆయన సణుగుతాడు. సణగనివ్వండి. లోయర్ ఎర్లీ కూడా ఫర్వాలేదు, పెద్ద ఆస్డా సూపర్‌మార్కెట్ ఉంది, ఇళ్ళన్నీ ఒక్కలాగే ఉండి మొదట్లో దారి తప్పుతారు.

ఇంకోటి, మేం 2019 వేసవిలో ఇల్లు మారేటప్పుడు మా ఆయనకి ఒక కండిషన్ పెట్టా. ఏ ఇల్లు చూసినా వర్కింగ్ డే మధ్యాహ్నం మూడింటికి చూడాలి, ఇండియా నుంచి తెచ్చిన పెద్ద సూట్‌కేస్‌లో 23 కిలోలు నింపి, ఆ ఇంటి నుంచి స్కూల్ గేటు దాకా లాక్కుంటూ వెళ్ళి రావాలి, గొడుగు పట్టుకోకూడదు, ఎందుకంటే బగ్గీ తోసేటప్పుడు గొడుగు పట్టుకోలేం. మొదటి రెండిళ్ళకి తనే వద్దన్నాడు, ఒక చోట చక్రం కూడా విరిగింది. మూడోది వుడ్లీలో, పాత కార్పెట్ కంపు, సింకుకి వేడినీళ్ళ కుళాయి ఒక మూల, చన్నీళ్ళది ఇంకో మూల. స్కూల్‌కి ఆరు నిమిషాలు. ఈయన మూడు చక్రాల సూట్‌కేస్ ఈడ్చుకుంటూ వానలో రెండోసారి వెళ్తుంటే, ఎదురింటి పెద్దాయన బయటికొచ్చి, స్టేషన్ అటు కాదు బాబూ అని పిలిచి మరీ చెప్పాడట. స్టేషన్‌కి కాదండీ, ప్రైమరీ స్కూల్‌కి అన్నాడు ఈయన. ఆ పెద్దాయన సూట్‌కేస్‌నీ ఈయన్నీ ఒకసారి చూసి లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ ఇల్లే తీసుకున్నాం.