కిస్తీలు ఆగిపోయాయి, ఆర్సీ ఇంకా నా పేరు మీదే ఉంది

ప్రశ్న: ఆరేళ్లు వాడిన నా డిజైర్ కారును ఏడాది క్రితం పరకాలకు చెందిన, తెలిసిన అబ్బాయికి రూ. 4,80,000కు అమ్మాను. బయానాగా రూ. 1,20,000 ముట్టింది. మిగిలిన రూ. 3,60,000 నెలకు 20,000 చొప్పున 18 కిస్తీల్లో ఇస్తానని వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసిచ్చాడు. ఐదు కిస్తీలు ఫోన్‌పేలో వేశాడు, ఏడు నెలలుగా పైసా రాలేదు. అడిగినప్పుడల్లా ‘వచ్చే నెల పక్కా వేస్తా అన్నా’ అని వాట్సాప్‌లో పెడుతున్నాడు. చలాన్లు నా ఫోన్‌కు వస్తున్నాయి. తెల్ల నంబరు ప్లేటుతోనే హైదరాబాద్‌కు కిరాయిలు కొడుతున్నాడని తెలిసింది. రెండు కిస్తీలు వరుసగా తప్పితే కట్టిన సొమ్ము వదులుకొని కారు అప్పగించాలని కాగితంలో ఉంది. రెండో తాళంచెవి నా దగ్గరుంది. రాత్రిపూట వెళ్లి కారు తెచ్చుకోవచ్చా? తేదీ, మొత్తం రాయకుండా సంతకం చేసిన చెక్కు ఒకటి కూడా ఇచ్చాడు.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. కారు అప్పగించాల్సిన బాధ్యత అతనిదని మీ కాగితం చెబుతోంది కానీ, మీరు వెళ్లి పట్టుకురావచ్చని ఎక్కడా చెప్పలేదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం, ఫలానా వస్తువును షరతు లేకుండా అమ్మితే, డబ్బు తర్వాత ఇస్తామన్నా సరే, ఒప్పందం కుదిరినప్పుడే హక్కు కొనుగోలుదారుకు వెళ్తుంది. ‘పూర్తి సొమ్ము ముట్టేదాకా యాజమాన్యం అమ్మినవారిదే’ అన్న వాక్యం ఉంటే పరిస్థితి వేరుగా ఉండేది. ‘డబ్బంతా ముట్టాక ఆర్సీ మార్పిస్తాను’ అని రాసుకోవడం దానికి సమానం కాదు. మీ కాగితాన్ని ఈ దృష్టితో మరొకసారి చదవండి. పరకాలలో అతని ఇంటి ముందు నుంచి రాత్రివేళ కారు కదిలితే, అతను పొద్దున్నే స్టేషనుకు వెళ్లి దొంగతనం ఫిర్యాదు ఇవ్వగలడు. డబ్బు రావాల్సిన మీరే నిందితులుగా నిలబడాల్సి వస్తుంది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది కిస్తీల సంగతి కాదు, ఆర్సీ సంగతి. ఆర్సీ మీ పేరు మీద ఉంటే డబ్బుకు పూచీగా ఉంటుందనుకున్నారు. మనవైపు చాలామంది అలాగే అనుకుంటారు. కానీ కారు చేతులు మారినా, రిజిస్టరులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం విషయంలో వారే యజమాని అని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ కేసులో వాహనం ఒకరి నుంచి ఒకరికి అమ్ముడుపోతూ వచ్చినా, పరిహారం భారం రిజిస్టరులో పేరున్న వ్యక్తి మీదే పడింది. సొంత వాడకానికి తీసుకున్న పాలసీతో కిరాయికి తిప్పుతున్న కారు ఎవరినైనా ఢీకొంటే, బీమా కంపెనీ బాధ్యత తనది కాదనే అవకాశం ఉంది. అప్పుడు మీ చేతికి రావాల్సిన లక్షల కంటే మీ చేతి నుంచి పోయే లక్షలే ఎక్కువ కావచ్చు. కాబట్టి ఈ వారంలోనే పాలసీ గడువు చూడండి, తీరిపోతే కనీసం థర్డ్ పార్టీ ప్రీమియం మీరే కట్టండి. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అమ్మినవారు 14 రోజుల్లో అమ్మకం సంగతి ఆర్టీఏ ఆఫీసుకు తెలపాలి. మీరు ఆ గడువు దాటించారు. ఆలస్యమైనా ఫారం 29తో రాతపూర్వకంగా తెలిపి, రసీదు భద్రపరచుకోండి. ఆర్సీ అతని పేరు మీదకు మారినా మీకు రావాల్సిన డబ్బు మీద హక్కు పోదు, ఆ హక్కు ఒప్పందం నుంచి వచ్చింది.

ఇక డబ్బు. ఏడు కిస్తీల బాకీ రూ. 1,40,000. మిగిలిన ఆరు కిస్తీలకు ఇంకా గడువు రాలేదు. ఒక కిస్తీ తప్పితే మొత్తం ఒకేసారి కట్టాలన్న షరతు కాగితంలో లేకపోతే, ఈరోజు మీరు దావాలో అడగగలిగేది ప్రధానంగా ఆ 1,40,000, దానిపై వడ్డీ మాత్రమే. ‘కట్టిన సొమ్ము వదులుకోవాలి’ అన్న షరతును కోర్టు అక్షరాలా అమలు చేస్తుందని ఆశపడకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో ఎంత రాసుకున్నా, దాన్ని మించకుండా న్యాయమైన పరిహారమే లభిస్తుంది. 1963లో ఫతేచంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదీ ఇదే. కారూ తిరిగి తీసుకొని, ముట్టిన రూ. 2,20,000 కూడా మొత్తం ఉంచుకోవాలంటే, ఏడాది వాడకానికి, అరుగుదలకు, తగ్గిన ధరకు ఎంత నష్టం జరిగిందో మీరు చూపించాలి.

చెక్కు విషయంలో తొందరపడి 3,60,000 అని నింపకండి. వేసే రోజుకు నిజంగా బాకీ ఉన్న మొత్తమే రాయాలి. అసలు బాకీ కంటే ఎక్కువ రాసిన చెక్కుతో కేసు నిలవదని 2022లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. చెక్కు తిరిగొస్తే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, నోటీసు అందాక అతనికి 15 రోజుల గడువు ఉంటుంది, అప్పటికీ కట్టకపోతే నెల రోజుల్లో మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేయాలి. ఈ గడువులు దాటి హక్కు పోగొట్టుకున్నవారిని నేను ఎంతోమందిని చూశాను. క్యాలెండర్‌లో గీసి పెట్టుకోండి.

చెక్కు సంగతి ఎలా ఉన్నా, వకీలు ద్వారా ఒక నోటీసు ఇప్పించండి. ఏ కిస్తీ ఏ తేదీన తప్పిందో, కిరాయికి తిప్పడం ఆపాలని, ఆర్సీ మార్పిడికి రావాలని అందులో ఉండాలి. ప్రతి కిస్తీకి అది తప్పిన తేదీ నుంచి మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది కాబట్టి మీకు సమయం ఉంది. ఫోన్‌పే స్టేట్‌మెంటు, ఆ వాట్సాప్ మెసేజ్‌లు ఏదీ చెరపకండి. ‘వచ్చే నెల పక్కా వేస్తా’ అన్న ఆ మాట అతను బాకీ ఒప్పుకున్నాడనడానికి మీకు ఉన్న మంచి సాక్ష్యం. దావా వేసేటప్పుడే, కారు మూడో వ్యక్తికి అమ్మకుండా తాత్కాలిక నిషేధ ఉత్తర్వు అడగవచ్చు. పోలీసులు ‘ఇది సివిల్ మ్యాటర్’ అంటే మనసు కష్టపెట్టుకోకండి. మోసం నేరం కావాలంటే మొదటి రోజు నుంచే ఎగవేసే ఉద్దేశం ఉండాలి, ఐదు కిస్తీలు కట్టినవాడి మీద దాన్ని రుజువు చేయడం కష్టం.

దావాకు ముందు, హనుమకొండలోని కోర్టు ఆవరణలో ఉన్న న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టమని నేను గట్టిగా చెబుతాను. కోర్టు ఫీజు ఉండదు, ఇద్దరినీ పిలిచి మాట్లాడతారు. ఆ సంస్థ నడిపే లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే, అక్కడ ఇచ్చే అవార్డుకు, అంటే రాజీ ఉత్తర్వుకు, సివిల్ కోర్టు డిక్రీతో (తుది తీర్పు ఉత్తర్వుతో) సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు.

రాజీలో కారే తిరిగి ఇస్తానంటే తీసుకోండి, కానీ తీసుకున్న తేదీ, గంట, మీటరు రీడింగ్, టైర్ల స్థితి, పెండింగ్ చలాన్ల జాబితా, ముట్టిన సొమ్ములో ఎంత ఎవరికి అన్న లెక్క ఒకే కాగితం మీద రాసి, ఇద్దరూ ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసిన తర్వాతే తాళంచెవి అందుకోండి.