వానలో ఫైబర్ కేబుల్

ప్రశ్న: వాన పడితే చాలు, నెట్ పోతోంది. వీధి గుంతలో ఫైబర్ కేబుల్ నీళ్లలో మునిగి ఉంది. మార్పించాలా? – ఒక గృహిణి, మలక్‌పేట

జవాబు: తొందరపడకండమ్మా. ఫైబర్‌లో నడిచేది వెలుగు, కరెంటు కాదు. తడిస్తే షార్ట్ అవదు. భూమిలో వేసే కేబుల్‌లో గాజుపోగుల చుట్టూ జెల్ గానీ, నీరు తగలగానే ఉబ్బి దారి మూసేసే టేపు గానీ ఉంటుంది. జాయింట్లు వేసేవాడిగా నా అనుమానమంతా జాయింట్ డబ్బా మీదే. మూత రబ్బరు నలిగితే నీళ్లు లోపల చేరతాయి. వంగి, ఒత్తిడిలో ఉన్న పోగుకు తేమ తగిలితే సన్నని పగుళ్లు నెమ్మదిగా పెరుగుతాయి.

మోడెం మీద ఎర్రగా ఎల్‌ఓఎస్ లైటు (సిగ్నల్ అందడం లేదని చెప్పేది) వెలిగితే ఆ డబ్బా తెరిపించండి. దారిలో వెలుగు ఎంత తగ్గుతోందో, ఆ నష్టాన్ని 1310, 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాలు రెండింటి దగ్గరా కొలవమనండి. 1310 కంటే 1550 దగ్గర నష్టం బాగా ఎక్కువుంటే పోగు ఎక్కడో వంగిందన్నమాట.