విప్లవంలో నలిగిన రచయిత జీవితం రాయబోతున్న అమ్మాయికి

విజయవాడ, గవర్నరుపేట

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. గుంటూరులో మీ మిత్రులు తలపెట్టిన జీవిత చరిత్రల వరుసలో మెక్సికో నవలా రచయిత, పాత్రికేయుడు మార్టిన్ లూయిస్ గుస్మాన్ పుస్తకం నీ వంతుకు వచ్చిందనీ, నూరు పేజీల్లో ఆ జీవితాన్ని ఎక్కడ అందుకోవాలో తెలియడం లేదనీ రాశావు. చాలా ఏళ్ల క్రితం లెనిన్ సెంటరులోని పాత పుస్తకాల దుకాణంలో ఆయన విప్లవ జ్ఞాపకాల పుస్తకం ‘గద్ద, పాము’కు ఇంగ్లీషు అనువాదం దొరికిన నాటి నుంచి ఆ మనిషి నన్ను వదలలేదు. పైగా బతుకంతా పత్రికాఫీసు డెస్కులోనే గడిపినవాణ్ణి కాబట్టి, ఈ విషయంలో నీకు నాలుగు మాటలు చెప్పే చొరవ తీసుకుంటున్నాను.

పుట్టుకతో మొదలుపెట్టకమ్మా. 1887లో చివావాలో పుట్టాడన్న సంగతికి ఒక్క వాక్యం చాలు. 1910 డిసెంబరుతో మొదలుపెట్టు. తండ్రి ప్రభుత్వ సైన్యంలో కల్నల్. మెక్సికో విప్లవం రాజుకున్న తొలి రోజుల్లోనే మాల్‌పాసో కనుమ దగ్గర తిరుగుబాటుదారుల తూటాలకు గాయపడి, కొద్ది రోజులకే చనిపోయాడు. ఆ తండ్రి కొడుకే, 1913లో సేనాని హువెర్తా అధ్యక్షుడు మదేరోను కూలదోసి గద్దెనెక్కి, చంపించిన తరువాత, ఉత్తరానికి ప్రయాణమై తిరుగుబాటు సేనాని పాంచో విల్లా మనుషుల్లో కలిశాడు. ఈ ముడిని నువ్వు విప్పబోవద్దు, కొడుకు మనసులో ఏముందో ఊహించి రాయవద్దు. రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి ఊరుకుంటే, పుస్తకం చివరి దాకా పాఠకుడు దాన్ని మోసుకుంటూ వస్తాడు.

ఇక రాయడానికి ముందు ఒక పొడుగాటి నోటుపుస్తకం తీసుకుని, నడిమికి గీత గీసి, ఎడమ పక్కన సంఘటన జరిగిన సంవత్సరం, కుడి పక్కన ఆయన దాన్ని పుస్తకంగా వెలువరించిన సంవత్సరం వేసుకో. సియుదాద్ వారెస్‌లో మసక వెలుతురున్న గదిలో, తలమీద టోపీ, నడుముకు పిస్తోలుతో మంచం మీద పడుకుని ఉన్న విల్లాను ఆయన మొదటిసారి చూసినదానికీ, ఆ దృశ్యం ‘గద్ద, పాము’లోకి ఎక్కిన 1928కీ మధ్య పద్నాలుగేళ్ల పైమాటే. ఆ నడిమి కాలంలో స్పెయిన్‌కు ప్రవాసం పోయాడు, న్యూయార్కులో ఉన్నాడు, తిరిగివచ్చి 1922లో సొంత దినపత్రిక పెట్టాడు, 1923 నాటి తిరుగుబాటులో ఓడిన పక్షాన నిలిచి మళ్ళీ స్పెయిన్ చేరి 1936 దాకా అక్కడే ఉండిపోయాడు. జ్ఞాపకం అన్ని రేవులు తిరిగాక అక్షరమైంది కనుక, నువ్వు ప్రతి దృశ్యాన్నీ ‘ఇది ఆయన చూసిందా, విన్నదా’ అని అడిగి తీరాలి.

ఆ పుస్తకంలో ‘తూటాల పండుగ’ అనే అధ్యాయం ఉంది. విల్లా సేనాని రొడాల్ఫో ఫియెర్రో మూడు వందల మంది ఖైదీలను పదేసి మంది చొప్పున పశువుల దొడ్డిలోకి వదిలించి, గోడ దూకగలిగినవాడు బతకవచ్చునని చెప్పి, పక్కనున్నవాడు తూటాలు నింపి అందిస్తుండగా పిస్తోళ్లు మార్చి మార్చి కాలుస్తాడు. పని ముగిశాక వాచిన చూపుడు వేలును నిదానంగా నిమురుకుంటాడు. ఆ వేలు చదివిన ఎవరైనా గుస్మాన్ అక్కడే నిలబడి చూశాడని అనుకుంటారు. ఆయన అక్కడ లేడు. ఆ మాట దాచను కూడా లేదు. విల్లా సేనను సరిగ్గా పట్టి చూపేవి చరిత్రకెక్కిన సంఘటనలా, జనం చెప్పుకునే కథలా అన్న ప్రశ్నతోనే ఆ అధ్యాయాన్ని మొదలుపెట్టాడు.

దీన్ని ఇంతగా పట్టుకోవడానికి నా కారణం నాకుంది. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు నేను డెస్కులో కొత్తవాణ్ణి. ఒక తల్లి పసిబిడ్డను చీరతో తాటిచెట్టుకు కట్టి తాను కొట్టుకుపోయిందని ‘చెప్పుకుంటున్నారు’ అంటూ విలేఖరి పంపిన వార్తలో ఆ ఒక్క మాట కొట్టేసి, కళ్లారా చూసినట్టు తిరగరాశాను. వారం తరువాత ఆ ఊరి పెద్దాయన ఒకాయన, బురద ఎండి అట్టకట్టిన పంచెతో ఆఫీసు మెట్లెక్కి వచ్చి, మడతపెట్టిన పేపరు నా బల్ల మీద పరిచి, “ఆ బిడ్డ మా చెల్లెలి బిడ్డేమోనని మూడు శిబిరాలు తిరిగాను, ఎక్కడుంచారో చెప్పండి బాబూ” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. గుస్మాన్ ఉంచిన మాటను నువ్వు కొట్టేయకు తల్లీ.

‘నియంత నీడ’ నవల విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. 1927 అక్టోబరు 3న వితిలాక్ దగ్గర, అధ్యక్ష పదవికి పోటీకి దిగిన జనరల్ సెర్రానోనూ ఆయన అనుచరులనూ రోడ్డు మీదే కాల్చి చంపారు. రెండేళ్లకే, 1929లో, మాడ్రిడ్‌లో ఆ నవల వెలువడింది. అందులో 1923 నాటి తిరుగుబాటునూ 1927 నాటి హత్యలనూ ఆయన ఒకే కథగా అల్లాడు కాబట్టి దాన్ని చరిత్రకు సాక్ష్యంగా ఎత్తి రాయవద్దు. మన ఉన్నవ లక్ష్మీనారాయణ గారి మాలపల్లితో పోల్చాలని నీకు తప్పక అనిపిస్తుంది. గుంటూరులో కూర్చుని రాస్తూ ఆ నవలను తలచుకోకుండా ఉండడం ఎవరి తరమూ కాదు. కాని జైల్లో పుట్టి, మద్రాసు ప్రభుత్వం చేత నిషేధం వేయించుకున్న మాలపల్లి పరాయి పాలకులకు ఎదురు నిలిచిన పుస్తకం. గుస్మాన్ రాసింది విప్లవం గెలిచాక గద్దెనెక్కిన తనవాళ్ల మీద. పోలిస్తే ఈ తేడా దగ్గరే పోల్చు.

నువ్వు తప్పించుకోవాలని చూసే అధ్యాయం ఆఖరిదని నాకు తెలుసు. 1942లో వారపత్రిక స్థాపించి, 1958లో జాతీయ సాహిత్య పురస్కారం అందుకున్న ఈ మనిషి, 1968 అక్టోబరు 2న ట్లాటెలోల్కో కూడలిలో సైన్యం విద్యార్థుల మీద కాల్పులు జరిపినప్పుడు ప్రభుత్వాన్నే సమర్థించాడు. 1970లో సెనేటర్ అయ్యాడు. 1976 దాకా ఆ పదవిలో ఉన్నాడు, ఆ ఏడాదే చనిపోయాడు. ‘నియంత నీడ’ ఆధారంగా 1960లో తీసిన సినిమాను అదే రాజ్యం 1990 దాకా ప్రదర్శించనివ్వలేదు. వయసు మీదపడిందని సర్దిచెప్పవద్దు, ద్రోహి అన్న ముద్రా వేయవద్దు. వితిలాక్ రోడ్డు మీద ఆయన చూపించిన శవాల పక్కనే ట్లాటెలోల్కో శవాలను పెట్టి, అప్పుడేమి రాశాడో, ఇప్పుడు ఎవరి పక్కన నిలిచాడో తేదీలతో సహా రాయి.

ఆ అధ్యాయమే ముందుగా రాసి, ఏదో ఒక ఆదివారం బస్సెక్కి పట్టుకురా. ఎర్ర సిరా కలం సిద్ధంగా ఉంచుతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న