డబ్బో ప్రయాణాన్ని మూడు రోజులకు విడదీయండి

నమస్కారమండీ. మూడేళ్ల పాప, పద్నాలుగు నెలల బాబుతో కారవాన్ (కారు వెనుక తగిలించే చక్రాల ఇల్లు) లాగుతూ ఆస్ట్రేలియాలోని సిడ్నీ నుంచి డబ్బో పట్టణానికి ఒకే రోజులో చేరవచ్చా, పిల్లలు ఏడిస్తే కారవాన్‌లోని మంచంపై పడుకోబెట్టవచ్చా అని అడిగారు. ముందుగా రెండో ప్రశ్న: దయచేసి ఆ పని చేయకండి. కదులుతున్న కారవాన్‌లో మనుషులు ఉండటం అక్కడ చట్టవిరుద్ధం. పిల్లలిద్దరూ కారు వెనుక వరుసలో, వయసుకు తగిన చైల్డ్ సీట్లలోనే ఉండాలి.

దూరం సుమారు 400 కిలోమీటర్లే అయినా, బ్లూ మౌంటెన్స్ ఎక్కి దిగే దారిలో బరువు లాగడం నెమ్మదిగా సాగే పని. మొదటి రాత్రి బాథర్స్ట్‌లో, రెండో రాత్రి పార్క్స్ అనే ఊళ్లో ఆగండి. కొంత చుట్టు అయినా, పార్క్స్ నుంచి డబ్బో వెళ్లే దారిలో 1961లో ప్రారంభమైన 64 మీటర్ల వ్యాసమున్న రేడియో టెలిస్కోప్ పొలాల మధ్య కనిపిస్తుంది, మా పాప దాన్ని చూసి "అమ్మా, ఎంత పెద్ద పళ్లెమో!" అని కిటికీకి అతుక్కుపోయింది.

మధ్యాహ్నం పెట్రోల్ బంకు దగ్గర కాకుండా ఊరి పార్కులో ఆగండి. నీళ్లు, మరుగుదొడ్డి, ఊయలలు సాధారణంగా అక్కడే ఉంటాయి. మేము పొద్దున్నే కలిపిన పెరుగన్నం చెట్టు నీడన తినిపించి, అరగంట పరుగెత్తనిచ్చాక, మా బాబు కారెక్కిన పది నిమిషాలకే నిద్రపోయేవాడు. మూడు గంటలకల్లా బస చేరండి, ఎందుకంటే సంధ్యవేళ కంగారూలు రోడ్డుకు అడ్డం వస్తాయి.