ఎనిమిది తర్వాత స్కూలు మారాలా? పర్లాకిమిడి అమ్మాయి ఉత్తరానికి జవాబు

ఉత్తరం ఇది: "సార్, మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. నేను ప్రభుత్వ హైస్కూల్లో ఒడియా మీడియంలో 8 చదువుతున్నాను. క్లాసులో మొదటి ఐదుగురిలో ఉంటాను. వచ్చే ఏడాది నన్నూ, 3 చదువుతున్న తమ్ముణ్ణీ ఇంగ్లీషు మీడియం ప్రైవేటు స్కూల్లో వేస్తానని నాన్న అంటున్నారు. నా ఒక్కదానికే ఏడాదికి ఫీజు 32 వేలు, బస్సు వేరే. అది కుదరకపోతే ఆంధ్ర వైపు ఉన్న పాతపట్నంలో మా అత్తయ్య ఇంట్లో ఉంచి అక్కడ చదివిస్తారట. మాది చిన్న కిరాణా కొట్టు. నాకు ఇక్కడ స్నేహితుల్ని వదలాలని లేదు. కానీ ఇంగ్లీషు రాకపోతే వెనకబడిపోతానేమోనని టెన్షన్‌గా ఉంది. డాక్టర్ అవ్వాలని కోరిక, కాకపోతే టీచర్. ఏ స్కూలు మంచిది సార్?"

అమ్మా,

ముందే నా మాట చెప్పేస్తాను. మీ స్కూల్లో 9, 10 తరగతులకి లెక్కల టీచరూ సైన్సు టీచరూ ఉండి, పాఠాలు జరుగుతుంటే పదో తరగతి దాకా అక్కడే ఉండు. ఆ ఇద్దరిలో ఒక్కరు లేకపోయినా మారు, నేను అడ్డు చెప్పను. మీ తమ్ముడి సంగతి వేరు, అది చివర్లో చెప్తాను.

టీచరు ఉన్నారో లేదో ఎలా తెలుస్తుందంటావా? హెడ్మాస్టర్ని అడిగితే ఉన్నారనే అంటారు. నువ్వు పదో తరగతి అక్కల నోటుబుక్కులు అడిగి చూడు. దసరా సెలవుల నాటికి లెక్కల్లో ఎన్ని పాఠాలు అయ్యాయి? ఎర్ర సిరాతో దిద్దిన గుర్తులు ఉన్నాయా, లేక ఊరికే టిక్కు పెట్టి వదిలేశారా? టీచర్లు సర్వేలకీ ఎన్నికల డ్యూటీలకీ వెళ్లినప్పుడు ఆ పీరియడ్ ఎవరు తీసుకున్నారు? ప్రైవేటు స్కూల్లో చదివే పిల్ల మీ వీధిలో ఒకరైనా ఉంటుంది కదా, ఆమె పుస్తకం కూడా ఇలాగే చూడు. ఆమెని ఇంకో ప్రశ్న అడుగు: పోయిన ఏడాది లెక్కలు చెప్పిన సారే ఈ ఏడాదీ చెప్తున్నారా? చిన్న ఊళ్ల ప్రైవేటు స్కూళ్లలో జీతాలు తక్కువ. కాస్త మంచి ఉద్యోగం దొరికితే మాస్టారు ఏడాది మధ్యలోనే వెళ్లిపోతారు. బిల్డింగు రంగూ, బస్సూ, టై చూసి మనం ఈ సంగతి మరిచిపోతాం.

నా అనుభవం కూడా చెప్పాలి. ఏడు దాకా నేను ప్రభుత్వ బడే. ఎనిమిదిలో మా నాన్న నన్ను వేరే ఊళ్లో ఒక ప్రైవేటు స్కూల్లో చేర్పించారు. అక్కడ ప్రతి పీరియడూ జరిగేది, అది నిజం. హోంవర్కు చేయకుండా తప్పించుకోవడం కుదిరేది కాదు, అదీ నాకు మంచే చేసింది. కానీ మొదటి ఏడాదంతా నేను ఒక్క డౌటూ అడగలేదు. ఏమని అడగాలో ఇంగ్లీషులో తెలియదు. తెలుగులో అడిగితే పక్కవాళ్లు నవ్వేవాళ్లు. ఫీజు ఆలస్యమైనప్పుడు పరీక్ష హాలు బయట నిలబెట్టారు. ఆ రోజు సైన్సు పేపరు. అరగంట తర్వాత లోపలికి పంపారు గానీ, ఏం రాశానో నాకిప్పటికీ గుర్తు లేదు. అన్ని ప్రైవేటు స్కూళ్లూ అలాగే ఉంటాయని కాదు. ఫీజు కట్టే తేదీ మీ నాన్నగారికి ఎంత బరువో, క్లాసులో నీకూ అంతే బరువవుతుంది. ఆ సంగతి పెద్దవాళ్లకి కనపడదు, అందుకే చెప్తున్నాను.

ఇక భాష. తెలుగు ఇంట్లో పుట్టి ఒడియాలో సైన్సు చదువుతున్నందుకు నష్టపోతున్నానని నీకు అనిపిస్తూ ఉండవచ్చు. నిజానికి ఒడియా శాస్త్ర పదాల్లో చాలావరకు మనకి చుట్టాలే. త్రిభుజం అక్కడ త్రిభుజ, ఘర్షణ అక్కడా ఘర్షణే, వేగాన్ని బేగ అంటారు. ఇంగ్లీషు మీడియంలో ఇవన్నీ ఒక్కసారిగా ట్రయాంగిల్, ఫ్రిక్షన్, స్పీడ్ అవుతాయి. కష్టమేం కాదు, కానీ సరిగ్గా తొమ్మిదిలోనే పాఠాలు బరువెక్కుతాయి. కొత్త పాఠం, కొత్త భాష, కొత్త పిల్లలు, మూడూ ఒకేసారి మీద పడతాయి. పిల్లలకి సొంత భాషలో చదువు చెప్పాలన్న వాదన మన ఊళ్లో ఎప్పుడో మొదలైంది. గిడుగు రామమూర్తి గారు ఇక్కడ మాస్టారుగా ఉంటూనే సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల మాటల్లోనే పాఠాలు చెప్పించడానికి బడులు పెట్టారు.

అలాగని ఇంగ్లీషు అక్కర్లేదని కాదు. డాక్టరు చదువులో చేరడానికి రాసే నీట్ పరీక్షని ఇంగ్లీషుతో కలిపి 13 భాషల్లో పెడతారు, వాటిలో ఒడియా, తెలుగు రెండూ ఉన్నాయి. కానీ అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు ప్రశ్నే చెల్లుతుంది. ప్లస్ టూ (11, 12 తరగతులు) సైన్సూ, ఆ పైన ఎంబీబీఎస్ పుస్తకాలూ ఇంగ్లీషులోనే. కాబట్టి ఇంగ్లీషు కావాలి, అయితే దాని కోసం ఏడాదికి 32 వేలు పోయనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాల సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ ఇంగ్లీషు మీడియం పుస్తకాలు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. క్లాసులో ఏ పాఠం చెప్తే ఆ పాఠాన్ని రోజుకి ఒక పేజీ ఇంగ్లీషులో చదువు. ఒక నోటుబుక్కులో రెండు వరుసలు గీసుకుని ఎడమ పక్క ఒడియా పదం, కుడి పక్క ఇంగ్లీషు పదం రాసుకో. రెండేళ్లలో నీ దగ్గర సొంత నిఘంటువు తయారవుతుంది. మొదటి నెల విసుగ్గానే ఉంటుంది.

ఇప్పుడు డబ్బుల లెక్క. మీ నాన్నగారికి ఈ పేరా చదివి వినిపించు.

ఎన్ఎంఎంఎస్ అని కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఒకటి ఉంది. ఎనిమిదో తరగతి పిల్లలే రాయాలి, అంటే నీకు ఇదే ఏడాది. ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూళ్ల పిల్లలకి మాత్రమే. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు, ఏడో తరగతిలో 55 శాతం ఉండాలి, ఎస్సీ ఎస్టీలకి 5 శాతం సడలింపు. ఎంపికైతే 9 నుంచి 12 దాకా ఏడాదికి 12 వేల చొప్పున నాలుగేళ్లకి 48 వేలు వస్తుంది. ప్రైవేటుకి మారితే అది ఆగిపోతుంది. అంటే రెండేళ్ల ఫీజు 64 వేలతో పాటు, చేతికి రాగల ఈ డబ్బూ వదులుకోవాలి. పైగా నువ్వు డాక్టర్ అవ్వాలంటున్నావు. ఒడిశాలో మెడికల్, ఇంజినీరింగ్ సీట్లలో 15 శాతం ప్రభుత్వ హైస్కూళ్లలో చదివినవాళ్లకి కేటాయించాలని 2021లో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. అందులో ఎవరెవరు వస్తారన్నది ఒడిశా ప్రవేశ పరీక్షల సంస్థ ఓజేఈఈ బ్రోషరులో చదివి చూసుకోవాలి. ఆ దారి మూసుకునే ముందు మీ నాన్నగారు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

పాతపట్నం ఆలోచన వేరే రకం, దాన్ని తీసిపారేయను. ఆంధ్రలో కాలేజీ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకి. అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు వరసగా అక్కడ చదివితే లోకల్ అవుతారు. ఎంసెట్ అని మనం ఇప్పటికీ పిలిచే పరీక్షకి అర్హత ఇంటర్. కాబట్టి 9, 10, ఇంటర్ రెండేళ్లు కలిస్తే సరిగ్గా నాలుగు. తొమ్మిదిలో వెళ్తే లోకల్ అవుతావు. పది ఇక్కడ రాసి, ఇంటర్‌కి శ్రీకాకుళమో విశాఖో వెళ్తే కావు. ఏటా చాలామంది తల్లిదండ్రులు చేసే పొరపాటు ఇదే, కాలేజీ ఫీజు కట్టేశాక నా దగ్గరికి వస్తారు.

అయితే అక్కడ పదో తరగతిలో మొదటి భాష తెలుగు, రెండోది హిందీ, మూడోది ఇంగ్లీషు. మాట్లాడే తెలుగు వేరు, పరీక్షలో సంధులు విడగొట్టి, ఛందస్సుకి గణాలు గుర్తించి రాసే తెలుగు వేరు. నీకు తెలుగు రాయడం వచ్చా? ఉత్తరంలో ఎక్కడా చెప్పలేదు. దసరాకి అత్తయ్య ఇంటికి వెళ్లినప్పుడు అక్కడి తొమ్మిదో తరగతి తెలుగు వాచకం తెచ్చుకుని ఒక పాఠం చదివి, చివర ప్రశ్నల్లో ఒకదానికి పేజీ నిండా జవాబు రాసి, అత్తయ్య చేత దిద్దించు. పది తప్పుల లోపు వస్తే పాతపట్నం గురించి మాట్లాడుకోవచ్చు. ముప్పై వస్తే వద్దు. ఒడిశా బోర్డులో కూడా తెలుగుని మొదటి భాషగా తీసుకోవచ్చని చాలామందికి తెలియదు. కాకపోతే దాన్ని చెప్పే టీచరు ఉండాలి, మళ్లీ మొదటి ప్రశ్నకే వచ్చాం.

ప్రైవేటూ కాదు, మామూలు ప్రభుత్వ బడీ కాదు, మధ్యలో రెండు దారులున్నాయి. కేంద్ర ప్రభుత్వ హాస్టల్ బడి నవోదయలో తొమ్మిదో తరగతికి ఖాళీల మేరకు ప్రవేశ పరీక్ష పెడతారు. 100 మార్కుల్లో లెక్కలకి 35, సైన్సుకి 35, ఇంగ్లీషుకి 15, హిందీకి 15. హాస్టల్లో ఉండాలి, అమ్మాయిలకి నెల ఫీజు కూడా లేదు. సీట్లు కొన్నే, అయినా రాయి. ఒడిశా ఆదర్శ విద్యాలయాలు రాష్ట్ర ప్రభుత్వానివి. ఇంగ్లీషు మీడియం, సీబీఎస్ఈ, చదువు ఉచితం. మామూలుగా ఆరో తరగతికి తీసుకుంటారు, ఖాళీలుంటే పై తరగతుల్లోకి కూడా. మీ నాన్నగారికి కావలసిన ఇంగ్లీషు మీడియం పైసా ఖర్చు లేకుండా దొరికే చోటు ఇది. ప్రకటన పడినప్పుడు తొమ్మిదికి ఖాళీ ఉందేమో చూడండి.

టీచర్ కోరిక గురించి రెండు మాటలే. ప్లస్ టూ తర్వాత భువనేశ్వర్ రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్‌లో డిగ్రీ, బీఈడీ కలిపి నాలుగేళ్ల కోర్సు ఉంది. ఒడియా బాగా వచ్చిన లెక్కల టీచరుకి ఈ రాష్ట్రంలో పని దొరక్క పోదు. దాన్ని "కాకపోతే" అని రాశావు గానీ, అది రెండో రకం కోరికేం కాదు.

అయ్యా, ఇది తండ్రిగా మీకు. ప్రైవేటు స్కూలు చూడటానికి వెళ్తే బోర్డు మీద "సీబీఎస్ఈ పాటర్న్" అని ఉందా, అఫిలియేషన్ నంబరు ఉందా చూడండి. పాటర్న్ అంటే అనుమతి లేనట్టే లెక్క. పదో తరగతి పిల్లల్ని వేరే స్కూలు పేరు మీద పరీక్షకి పంపుతారు. నంబరు ఉంటే సీబీఎస్ఈ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. పదో తరగతి పిల్లల హాల్‌టికెట్ మీద ఏ స్కూలు పేరు పడిందో అడిగినా సరిపోతుంది.

అబ్బాయి విషయంలో ఇంకో జాగ్రత్త. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి. దానికి రుజువుగా ఏడో తరగతి లేదా ఆ పై చివరి పరీక్షలో ఒడియా ఒక భాషగా పాసై ఉండాలి, లేదంటే తర్వాత బోర్డు పెట్టే ఒడియా పరీక్ష రాయాలి. మీ అమ్మాయికి ఆ ఇబ్బంది లేదు, ఏడు ఒడియాలోనే పాసైంది. మూడో తరగతి పిల్లవాణ్ణి ఇప్పుడు ఇంగ్లీషు, హిందీ మాత్రమే చెప్పే స్కూల్లో వేస్తే ఆ పరీక్ష రాసి పాసైతే తప్ప ఇరవై ఏళ్ల తర్వాత దరఖాస్తు ఫారం దగ్గర ఆగిపోతాడు. వేయాలనే అనుకుంటే, ఏడు దాకా ఒడియా సబ్జెక్టుగా ఉన్న స్కూల్లోనే వేయండి. విద్యాహక్కు చట్టం కింద 25 శాతం ఉచిత సీట్లు మొదటి తరగతి దగ్గరే ఇస్తారు కాబట్టి వాడికి ఆ అవకాశం దాటిపోయింది. నన్నడిగితే ఐదు దాకా ఇక్కడే ఉంచి, ఆరో తరగతికి ఆదర్శ విద్యాలయం, నవోదయ రెండూ రాయిస్తాను. నవోదయలో గ్రామీణ కోటాకి 3, 4, 5 తరగతులు పల్లె బడిలో చదివి ఉండాలి. మీరు మునిసిపాలిటీలో ఉన్నారు కాబట్టి వాడు ఆ కోటా లేకుండానే పోటీ పడాలి, ఆ అంచనాతోనే చదివించండి.

అమ్మా, మళ్లీ నీకే. సోమవారం స్కూలుకి వెళ్లగానే ఎన్ఎంఎంఎస్ ఫారం ఎప్పుడు నింపుతారో హెడ్మాస్టర్ని అడుగు. నాన్నగారి ఆదాయ ధ్రువపత్రానికి తహసీల్ ఆఫీసులో ఇప్పుడే దరఖాస్తు పెట్టించు, చివరి వారంలో అక్కడ గుంపు ఉంటుంది. నీ ఏడో తరగతి మార్కుల కాగితం ఎక్కడుందో అమ్మని అడిగి మూడు జిరాక్సులు తీయించుకో.