వంద డాలర్లలో బాస్ ఫిషింగ్

డాలస్ చుట్టుపక్కల కొత్తగా దిగినవాళ్లు ఈమధ్య తరచూ అడుగుతున్న సందేహం ఇది: "ఆఫీసులో వాళ్లంతా వీకెండ్ వస్తే బాస్ చేపలంటూ లేక్‌కి పోతున్నారు, నన్నూ రమ్మంటున్నారు. షాపుకెళ్లి చూస్తే గోడ నిండా రాడ్లే. ఒక్కోటి రెండు మూడొందల డాలర్లు. ఇంత పెట్టాల్సిందేనా?"

అక్కర్లేదు. వంద డాలర్లలో రాడ్, రీల్, లైన్ (గాలం దారం), ఎరలు అన్నీ వచ్చేస్తాయి. పడవ ఊసే వద్దు. బాస్ లోతు తక్కువ నీళ్లలోకి, గట్టు దగ్గరికి వచ్చే చేప. మన కొరమీనులాగే గడ్డి పక్కన, మొద్దు పక్కన మాటు వేసి దగ్గరికొచ్చిన దాన్ని మింగే రకం. గట్టు మీద నిలబడే దాన్ని పట్టొచ్చు.

సామాను కంటే ముందు లైసెన్స్ సంగతి చూసుకోండి. పదిహేడేళ్లు నిండినవాళ్లకు టెక్సస్‌లో ఫిషింగ్ లైసెన్స్ ఉండాలి. హెచ్1బీయా, గ్రీన్‌కార్డా అన్నది లెక్కలోకి రాదు. కానీ రాష్ట్రంలో వరసగా ఆరు నెలలు దాటి ఉంటేనే రెసిడెంట్ రేటు ఇస్తారు. మంచినీటి (ఫ్రెష్‌వాటర్) లైసెన్స్ ప్యాకేజీ రెసిడెంట్‌కి సుమారు 30 డాలర్లు, కానివాళ్లకు దాదాపు రెట్టింపు. మామూలు లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో చెల్లిపోతుంది, కాబట్టి జులైలో కొనడం దండగ. మరి ఆ ఆరు నెలలూ ఏం చేయాలంటారా? స్టేట్ పార్కుకు వెళ్లండి. టెక్సస్ స్టేట్ పార్కుల్లో గట్టు మీద నుంచి చేపలు పట్టడానికి లైసెన్సే అక్కర్లేదు, ఎంట్రీ టికెట్ చాలు. రే రాబర్ట్స్, సీడర్ హిల్ రెండూ మనకు దగ్గర్లోవే. కొన్ని స్టేట్ పార్కుల్లో రాడ్లు, గాలాలు ఉచితంగా అరువిస్తారు కూడా. ముందే ఫోన్ చేసి కనుక్కుంటే సామానుకు పైసా పెట్టకుండా ఈ సరదా మనకు పడుతుందో లేదో తేలిపోతుంది. అపార్ట్‌మెంట్ వెనక చెరువుంది కదా అని అక్కడ మాత్రం లీజింగ్ ఆఫీసును అడగకుండా గాలం వేయకండి.

ఇక కొనేటప్పుడు స్పిన్నింగ్ కాంబో తీసుకోండి: రాడ్, రీల్ కలిపి అమ్మేది. ఆరున్నర నుంచి ఏడడుగుల మీడియం పవర్ రాడ్, 2500 లేదా 3000 సైజు రీల్. యాభై అరవై డాలర్లలో అగ్లీ స్టిక్ లాంటివి దొరుకుతాయి, కారు డిక్కీలో పడేసినా పాడవవు. పక్క క్యూబికల్ ఆయన బెయిట్‌కాస్టర్ అనే ఇంకో రకం రీల్ కొనమంటాడు, వినకండి. అది చేతికి అలవాటయ్యేలోపు విసిరినప్పుడల్లా స్పూల్ (రీల్‌లో లైన్ చుట్టి ఉండే భాగం) మీద లైన్ జడలు కట్టుకుంటుంది. ఉదయమంతా చిక్కులు తీయడంతోనే సరిపోతుంది.

లైన్ దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. కాంబోతో పాటు వచ్చే లైన్ చాలాసార్లు నాసిగా ఉంటుంది. 8 పౌండ్ల బలం తట్టుకునే మోనోఫిలమెంట్ (ఒంటిపోగు నైలాన్ లైన్) కొత్తది చుట్టుకోండి, ఖరీదు కొద్ది డాలర్లే. స్పూల్ అంచుకు కాస్త కిందే ఆపండి, నిండుగా చుడితే చుట్టలు చుట్టలుగా జారి పడుతుంది. విసిరాక బెయిల్‌ను (రీల్ మీద తెరిచి మూసే తీగ కమ్మీ) రీల్ తిప్పి కాకుండా చేత్తో మూయండి, లైన్ మెలి తిరగడం చాలావరకు తగ్గుతుంది. ముడి ఒక్కటి వస్తే చాలు, పాలోమార్. లైన్‌ను రెండు పేటలుగా మడిచి గాలం కంట్లోంచి దూర్చి, వదులుగా ఒక ముడి వేసి, మిగిలిన ఉచ్చులోంచి గాలాన్ని దాటించి, నోటి తడి చేసి బిగించడమే. పొడిగా బిగిస్తే రాపిడికి లైన్ బలం పోతుంది.

ఎరల సంగతికొస్తే, షాపులో మెరిసేవన్నీ ముందు మనుషుల్ని పట్టడానికే. నన్నడిగితే మొదటి ఏడాదికి ఐదంగుళాల ప్లాస్టిక్ పురుగు ఒక్కటి చాలు. సెంకో అని అడిగితే ఎవరైనా చూపిస్తారు, యమ్ డింగర్ ఇంకా చవక. నీళ్లు తేటగా ఉంటే గ్రీన్ పంప్‌కిన్ రంగు, బురదగా ఉంటే నలుపు నీలం కలిసింది. పురుగు నడుముకు చిన్న రబ్బరు రింగు తొడిగి, ఆ రింగు కిందుగా 1/0 గాలం దూర్చండి. దీన్నే వాకీ రిగ్ అంటారు. రింగు లేకుండా గుచ్చితే రెండు మూడు విసుర్లకే పురుగు తెగిపోతుంది.

విసిరాక చేయాల్సిందల్లా ఏమీ చేయకపోవడమే, మనవాళ్లకు అదే కష్టం. పురుగు అడ్డంగా, రెండు కొసలూ వణుకుతూ నెమ్మదిగా దిగుతుంది. బాస్ ఎక్కువగా ఆ దిగేటప్పుడే అందుకుంటుంది. చేతికి లాగినట్టు తెలియకపోవచ్చు, అందుకే లైన్ నీళ్లలోకి దిగే చోటే చూపు నిలపండి. వదులుగా ఉన్న లైన్ చిన్నగా ఎగిరినా, పక్కకు జరిగినా, అడుగు తగలాల్సిన టైమ్ కంటే ముందే ఆగిపోయినా చేప ఉన్నట్టే లెక్క. వదులు చుట్టేసి రాడ్‌ను గట్టిగా పైకి ఎత్తండి. ఏమీ లేకపోతే రాడ్ కొసను ఒక అడుగు ఎత్తి మళ్లీ దిగనివ్వండి. చిరిగిన పురుగులు పారేయకండి. సగానికి కోసి పుట్టగొడుగు తల ఉండే చిన్న జిగ్‌కు (తల దగ్గర బరువున్న గాలం) గుచ్చితే నెడ్ రిగ్ అవుతుంది, చలికాలంలో బాగా పనికొస్తుంది.

మన దగ్గరి లేక్‌లన్నీ ఆనకట్టల వెనక నిలిచిన నీళ్లే. అడుగున మొద్దులు, పొదలు మామూలే. అలాంటి చోట వాకీ రిగ్ వేస్తే గాలాలు పోతూనే ఉంటాయి. అక్కడ టెక్సస్ రిగ్ కట్టండి: తూటా ఆకారం బరువు, 3/0 ఆఫ్‌సెట్ గాలం, గాలం మొన పురుగు ఒంట్లోనే దాగి ఉండేలా. అదే పురుగు, అదే రాడ్. అదనంగా అయ్యేది నాలుగైదు డాలర్లు.

మార్చి, ఏప్రిల్‌లో బాస్‌లు గుడ్లు పెట్టడానికి గట్టు దగ్గరికి వస్తాయి, కొత్తవాళ్లకు అదే మంచి కాలం. ఎండాకాలంలో తెల్లవారుజామున వెళ్లి తొమ్మిదింటికల్లా ఇంటికి వచ్చేయండి. ఖాళీ నీళ్లలోకి దూరంగా విసరడం కన్నా, గట్టు వెంట నడుస్తూ కూలిన చెట్టు, డాక్ (నీళ్లలోకి కట్టిన బల్లవంతెన) నీడ, గడ్డి అంచు ఇలా ఒక్కోచోట నాలుగైదు సార్లు వేసి ముందుకు సాగడం మేలు. కాళ్లకు బూట్లు ఉండాలి, గట్టు గడ్డిలో కాటన్‌మౌత్ అనే విషపాములు ఉంటాయి. తెగిన లైన్ ముక్కలు జేబులో పెట్టుకోండి, గడ్డిలో వదిలితే పక్షుల కాళ్లకు చుట్టుకుంటాయి.

"పడితే వండుకోవచ్చా?" అని ఇంట్లోవాళ్లు తప్పకుండా అడుగుతారు. మామూలు రూల్ ప్రకారం లార్జ్‌మౌత్ బాస్ 14 అంగుళాలు ఉండాలి, రోజుకు ఐదుకు మించకూడదు. కొన్ని లేక్‌లకు వేరే లెక్క ఉంటుంది, అందుకే కొలిచే టేపు వెంట ఉంచుకుని వెళ్లేముందు ఆ లేక్ రూల్స్ చూసుకోండి. పైగా వేటాడి తినే చేప కాబట్టి పెద్దవాటిలో పాదరసం పేరుకుంటుంది. కాడో లేక్ లాంటి చోట్ల బాస్ తినడం మీద ఆరోగ్య శాఖ హెచ్చరికలే ఉన్నాయి. గర్భిణులు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో అయితే మరీ జాగ్రత్త. చేతులు తడి చేసుకుని, చేప కింది పెదవి పట్టుకుని, పెద్దదైతే పొట్ట కింద రెండో చెయ్యి పెట్టి, ఫొటో తీసుకుని వదిలేయడమే ఇక్కడ ఎక్కువమంది చేసే పని. పులుసు మీదే మనసుంటే అదే రాడ్‌తో, బరువు కట్టిన వానపాముతో, సాయంత్రం పూట క్యాట్‌ఫిష్‌కు కూర్చోండి.