టెక్ సందేహాలు: డీఎన్‌ఏ చదివే రంగుల మీద కోర్టు కేసులెందుకు?

ప్రశ్న: సహజమైన డీఎన్‌ఏకు పేటెంట్ చెల్లదని 2013లోనే అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది కదా. మరి సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ చదివే) యంత్రాల కంపెనీలు ఫ్లోరసెంట్ రంగుల మీద కొట్లాడుకోవడం ఏమిటి? – ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ విద్యార్థిని

జవాబు: ఆ తీర్పు మన ఒంట్లో ఉండే డీఎన్‌ఏ గురించి. దాన్ని చదవడానికి ల్యాబ్‌లో తయారుచేసే రసాయనాలకు, చదివే పద్ధతులకు పేటెంట్ ఇస్తారు. గొడవంతా వాటి మీదే.

డీఎన్‌ఏ అంటే ఏ, సీ, జీ, టీ అనే నాలుగు రసాయన అక్షరాల వరస. అమెరికా కంపెనీ ఇల్యుమినా యంత్రాల్లో ఒక్కో అక్షరానికి మెరిసే రంగు తగిలించి, చివర చిన్న రసాయన అడ్డు పెడతారు. అడ్డు ఉండబట్టి ఒకసారికి ఒక్క అక్షరమే చేరుతుంది. కెమెరా ఫొటో తీశాక రంగునూ అడ్డునూ తొలగిస్తే తరువాతి అక్షరానికి దారి దొరుకుతుంది. ఆ అడ్డు పేరు అజిడోమీథైల్. దాని పేటెంట్లు సొలెక్సావి. చెన్నైలో పుట్టిన శంకర్ బాలసుబ్రమణియన్, డేవిడ్ క్లెనర్‌మన్ కేంబ్రిడ్జిలో పెట్టిన కంపెనీ అది. 2007లో ఇల్యుమినా దాన్ని కొనేసింది. చైనా కంపెనీ బీజీఐ ఇదే అడ్డును వాడుతోందని 2019లో కేసు వేసింది. 2021లో కాలిఫోర్నియా జ్యూరీ ఇల్యుమినాకు 80 లక్షల డాలర్లు ఇప్పించింది.

ఇల్యుమినాకు అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. నాలుగు అక్షరాలకు నాలుగు రంగులు అక్కర్లేదు, రెండు చాలు. ఇల్యుమినా యంత్రం నోవాసెక్ 6000లో సీ ఎరుపు, టీ ఆకుపచ్చ, ఏ రెండూ. జీకి రంగే ఉండదు. వెలుగు లేకపోవడాన్నీ ఒక అక్షరంగా చదవొచ్చన్న ఈ ఆలోచన నాకు చాలా ఇష్టం. ఫొటోలు సగానికి తగ్గుతాయి, పని వేగంగా అవుతుంది. అయితే రెండు రంగుల పద్ధతి మీద పేటెంట్ మాదంటూ బీజీఐ వర్గానికి చెందిన కంప్లీట్ జీనోమిక్స్ కోర్టుకెళ్లింది. 2022 మేలో డెలావేర్ జ్యూరీ దానికి 33.38 కోట్ల డాలర్లు ఇవ్వాలంది. జూలైలో రాజీ కుదిరి, ఇల్యుమినా 32.5 కోట్లు కట్టింది. అమెరికాలో మూడేళ్లు పేటెంట్ కేసులు వేసుకోకూడదనీ ఒప్పుకున్నారు.

ఈ రాజీ మంచిదే అంటాను. కేసుల భయంతో రెండో కంపెనీ మార్కెట్లోకి రాకపోతే, రీయేజెంట్లకు (యంత్రంలో వాడే రసాయనాలకు) అడిగినంతా కట్టాల్సింది చిన్న ల్యాబులే.

మీ ప్రాజెక్టుకు పనికొచ్చే మాట ఒకటి. రెండు రంగుల యంత్రంలో సిగ్నల్ ఆగిపోయినా జీ అనే నమోదవుతుంది. మీ ఫైల్లో రీడ్ల (యంత్రం చదివిన డీఎన్‌ఏ ముక్కల) చివర వరసగా జీలు కనిపిస్తే టెన్షన్ పడకండి. ఉచితంగా దొరికే ఫాస్ట్‌పీ సాఫ్ట్‌వేర్‌లో పాలీ జీ ట్రిమ్మింగ్ (ఆ జీల వరసను కత్తిరించడం) ఆన్ చేసి, తర్వాతే అలైన్‌మెంట్‌కు (రీడ్లను రిఫరెన్స్ జీనోమ్‌తో సరిపోల్చడానికి) వెళ్లండి.